పార్టీ మనిషి రాసిన అందరి పాట

అమెరికా ఉపాధ్యక్షుడు అధికారిక సభలోకి అడుగుపెడుతున్నాడంటే ముందు డ్రమ్ములు, బాకాలు నాలుగుసార్లు మోగుతాయి. ఆ వెంటనే మిలటరీ బ్యాండు ఒక పాత బాణీ అందుకుంటుంది. దాని పేరు ‘హెయిల్, కొలంబియా’. 2025 జనవరి నుంచి ఆ మర్యాద జె.డి. వాన్స్‌కు దక్కుతోంది. ఆయన భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రలోనే ఉన్నాయి కాబట్టి ఆ సభల దృశ్యాలు మన టీవీల్లోనూ చాలాసార్లే కనిపిస్తున్నాయి. అయితే ఆ బాణీకి మాటలు కూడా ఉన్నాయని తెలిసినవాళ్లు అమెరికాలోనే తక్కువ. వాటిని రాసింది పేరున్న కవి కాదు. ఫిలడెల్ఫియాలో ప్రాక్టీసు చేసుకుంటున్న ఇరవై ఏడేళ్ల లాయరు జోసెఫ్ హాప్‌కిన్సన్.

తర్వాత ఆయన కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. ఫెడరల్ జడ్జి అయ్యాడు. ఒక పాట రాసినవాడిగా చరిత్ర పుస్తకాల అడుగున ఒక వరుసలో మిగిలాడు. ఆయనకు ఇంకొంచెం చోటు దక్కాలి. ఎందుకంటే హాప్‌కిన్సన్ రాజకీయాలు పట్టని మనిషి కాడు, ఫెడరలిస్టు పార్టీకి చెందిన నిఖార్సైన మనిషి. అలాంటివాడు దేశం కోసం పాట రాయడానికి కూర్చున్నప్పుడు పార్టీని గుమ్మం బయట ఆపాలని చూశాడు. ఎంతవరకు ఆపగలిగాడు, ఎక్కడ ఆపలేకపోయాడు అన్నది దేశభక్తి పాటలు రాసేవాళ్లూ, రాయించేవాళ్లూ తెలుసుకోవలసిన సంగతి.

జోసెఫ్ 1770 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి ఫ్రాన్సిస్ హాప్‌కిన్సన్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు. లాయరు, వ్యంగ్య కవి, హార్ప్సికార్డ్ వాయిద్యకారుడు. 1759లో ఆయన కట్టిన ఒక పాట అమెరికాలో పుట్టి నేటికీ మిగిలివున్న లౌకిక గీతాల్లో మొట్టమొదటిదని సంగీత చరిత్రకారులు చెబుతారు. అమెరికా జెండా నమూనా తనదేనని చెప్పి, 1780లో ఆయన ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టుకున్నాడు. ప్రతిఫలంగా అడిగింది సర్కారు గిడ్డంగిలోని ఒక చిన్న పీపా ద్రాక్షసారా. అదీ ఇవ్వలేదు. ఆ పనిలో మరికొందరి చేయి కూడా ఉందని, ఆయన ఎలాగూ జీతం తీసుకునే ఉద్యోగేనని అర్జీ కొట్టేశారు. అయితే 1789లో వాషింగ్టన్ ఆయన్ను పెన్సిల్వేనియా ఫెడరల్ జిల్లా కోర్టుకు తొలి జడ్జిగా నియమించాడు. 1791లో తండ్రి పోయాడు. కొడుకు లాయరుగా ప్రాక్టీసు మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. మూడేళ్లకు పెన్సిల్వేనియా గవర్నరు థామస్ మిఫ్లిన్ కూతురు ఎమిలీని పెళ్లాడాడు. ఇంటిపేరు, చదువు, అత్తవారి పలుకుబడి, దేనికీ లోటు లేని యువకుడు.

ఇక 1798. అప్పటికి ఫిలడెల్ఫియాయే దేశ రాజధాని. ఫ్రాన్స్, ఇంగ్లండ్ కొట్టుకుంటున్నాయి, మధ్యలో అమెరికా ఓడలు నలుగుతున్నాయి. రాజీ మాట్లాడటానికి పారిస్ వెళ్లిన అమెరికా దూతలను అక్కడి విదేశాంగ మంత్రి మనుషులు లంచం అడిగారు. మంత్రికి సుమారు రెండున్నర లక్షల డాలర్లు, ఆపైన ఫ్రాన్స్‌కు పెద్ద అప్పు ఇస్తేనే మాట్లాడతామన్నారు. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఆ లంచగొండుల పేర్లు తీసేసి, ఎక్స్, వై, జడ్ అనే అక్షరాలు పెట్టి, ఏప్రిల్ మొదటి వారంలో కాగితాలన్నీ కాంగ్రెస్ ముందుంచాడు. దేశం భగ్గుమంది. ఆడమ్స్ పార్టీవాళ్లయిన ఫెడరలిస్టులు యుద్ధమే అన్నారు. జెఫర్సన్ వెంట నడిచే రిపబ్లికన్లు, సొంత విప్లవానికి చేయందించిన ఫ్రాన్స్‌తో పోరేమిటన్నారు. ఈ చీలిక నాటకశాలల దాకా వచ్చింది. తెర లేవకముందే ఒక వర్గం ఫ్రెంచి విప్లవ గీతం వాయించమని అరిచేది, ఇంకో వర్గం ‘ప్రెసిడెంట్స్ మార్చ్’ కావాలని బల్లలు గుద్దేది.

ఆ రోజుల్లో నటులకు ‘బెనిఫిట్ నైట్’ అని ఒక రాత్రి కేటాయించేవారు. ఆ రాత్రి వసూళ్లు ఆ నటుడివి. గిల్బర్ట్ ఫాక్స్ అనే గాయక నటుడి వంతు వచ్చింది. టికెట్లు అమ్ముడయ్యే సూచన లేదు. ‘ప్రెసిడెంట్స్ మార్చ్’ బాణీకి దేశభక్తి మాటలు కూర్చి పాడితే హాలు నిండుతుందని అతనికి తట్టింది. నాటక కంపెనీ కవులు ప్రయత్నించి చేతులెత్తేశారు. దాంతో చిన్నప్పుడు బడిలో పరిచయమున్న హాప్‌కిన్సన్ దగ్గరికి ఒక శనివారం సాయంత్రం పరుగెత్తుకొచ్చాడు. మర్నాటికల్లా పాట సిద్ధం. ఆ బాణీ అంతకు తొమ్మిదేళ్ల ముందు ఫిలిప్ ఫైల్ అనే సంగీతజ్ఞుడు కట్టింది. ఏప్రిల్ 25న చెస్ట్‌నట్ స్ట్రీట్ థియేటర్‌లో ఫాక్స్ పాట ఎత్తుకున్నాడు. హాలు కిక్కిరిసింది. జనం లేచి నిలబడ్డారు, మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అధ్యక్షుడి భార్య అబిగైల్ ఆడమ్స్ ఆ రాత్రి ప్రేక్షకుల్లో ఉంది. ఆ హోరు గురించి అక్కకు ఉత్సాహంగా ఉత్తరం రాసింది. కొద్ది రోజుల్లోనే పాట వీధుల్లోకి వచ్చేసింది.

ఆ మాటలు గొప్ప కవిత్వమని వాదించడం కష్టం. వీరులకు వందనం, స్వాతంత్ర్యానికి జయం, ఒకే తాటిపై నిలుద్దాం అనే పిలుపు. ఏ దేశపు దేశభక్తి గీతంలోనైనా దొరికే సరుకే. చెప్పుకోవలసింది అందులో లేనిదాని గురించి. ఫ్రాన్స్ పేరు లేదు. ఇంగ్లండ్ పేరు లేదు. లంచాల గొడవ లేదు. ప్రతిపక్షం మీద దెప్పిపొడుపు లేదు. నాలుగు దశాబ్దాల తర్వాత, 1840లో రాసిన ఒక లేఖలో హాప్‌కిన్సన్ కారణం చెప్పాడు. యుద్ధంలో ఉన్న రెండు దేశాల ప్రయోజనాలకూ, ఇక్కడి రెండు వర్గాల ఆవేశాలకూ అతీతంగా, మన దేశ గౌరవం ఒక్కటే కనిపించేలా ఉండాలన్నది తన ఉద్దేశమని, అందుకే రెండు పార్టీల వాళ్లూ దాన్ని పాడగలిగారని.

ఈ సంయమనం ఎక్కడిది? కోర్టుది అనిపిస్తుంది. జ్యూరీ ముందు నిలబడే లాయరుకు ఒక సంగతి త్వరగా అబ్బుతుంది. పెట్టెలో కూర్చున్న పన్నెండుమందిలో తన పార్టీ వాళ్లుంటారు, ఎదుటి పార్టీ వాళ్లుంటారు. ఏ ఒక్కరికి మండినా కేసు పోతుంది. అందరూ తలూపగలిగే వాక్యం వెతుక్కోవాలి. నాటకశాల కవులకు చేతకానిది ఆయనకు ఒక్క రోజులో సాధ్యపడటానికి ఈ అలవాటే కారణమైవుండాలి. ఆ పాటలో ఆయన దేశాన్ని క్లయింటుగా తీసుకున్నాడు.

కానీ 1840 నాటి జ్ఞాపకం కొంత నునుపు చేసిన జ్ఞాపకం. పాట వినిపించిన రెండు మూడు రోజులకే బెంజమిన్ కార్ అనే ప్రచురణకర్త దాన్ని అచ్చేసి అమ్మకానికి పెట్టాడు. దానికి పెట్టిన పేరు ‘ఫేవరెట్ న్యూ ఫెడరల్ సాంగ్’. పేరులోనే పార్టీ వాసన. పైన ప్రెసిడెంటు ఆడమ్స్ బొమ్మ. ఒక చరణంలో వాషింగ్టన్ పేరుంది, ఇంకో చరణంలో ఇప్పుడు దేశానికి సారథ్యం వహిస్తున్న నాయకుడికి పొగడ్త ఉంది. పేరు లేకపోయినా అది ఎవరికో ఆనాటి శ్రోతకు విడమరిచి చెప్పనక్కర్లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ మనవడు బేచ్ నడిపే ప్రతిపక్ష పత్రిక ‘అరోరా’ ఈ పాటను ఇంగ్లండ్ భజనపరుల ముఖస్తుతి అని తీసిపారేసింది. బేచ్ మాటలో అతి ఉంది, అయితే ఆ మాట పూర్తిగా గాలిలో పుట్టింది కాదు.

ఆ వేసవిలో జరిగిన సంగతులు పాటకు మరీ మచ్చ తెచ్చాయి. జూన్‌లో బేచ్‌ను రాజద్రోహ నిందారోపణ మీద అరెస్టు చేశారు. విచారణ మొదలవకముందే సెప్టెంబరులో పచ్చజ్వరం ఆయన్ను పొట్టనబెట్టుకుంది. జులై 14న ఫెడరలిస్టుల కాంగ్రెస్ సెడిషన్ చట్టం తెచ్చింది. ప్రభుత్వం మీద, కాంగ్రెస్ మీద, అధ్యక్షుడి మీద దురుద్దేశంతో అబద్ధాలు రాస్తే 2,000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. ఆ జాబితాలో ఉపాధ్యక్షుడు లేడు. ఆ పదవిలో ఉన్నది ప్రతిపక్ష నేత జెఫర్సన్ కాబట్టి ఆయన్ను ఎవరు ఎంత తిట్టినా నేరం కాలేదు. ఒకే తాటిపై నిలుద్దామని రాత్రి థియేటర్‌లో పాడిన పార్టీ, పగలు ఎదుటివాడి నోరు నొక్కింది. ఐక్యత అనే మాట ఎంత తేలిగ్గా ఆయుధమవుతుందో ఆ ఒక్క వేసవి చూపిస్తుంది. అందులో హాప్‌కిన్సన్ తప్పేమీ లేదనడం ఎంత తేలికో, తప్పంతా ఆయనదే అనడమూ అంతే తేలిక. పాట రాసినవాడు దాన్ని ఎవరు ఎప్పుడు పాడతారో శాసించలేడు. కానీ ఏలిక మీద ఆ ఒక్క చరణం రాయకుండా ఉండవలసింది.

కవిగా ఆయన కథ దాదాపు అక్కడితో సరి. లాయరుగా అసలు జీవితం ఆ తర్వాతే.

1804లో, జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉండగా, ప్రతినిధుల సభ సుప్రీంకోర్టు న్యాయమూర్తి శామ్యూల్ చేజ్‌ను అభిశంసించింది. చేజ్ కోపిష్ఠి, కరుడుగట్టిన ఫెడరలిస్టు, బెంచి మీద కూర్చుని పార్టీ ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి. సెడిషన్ చట్టం కింద పత్రికా రచయిత కాలెండర్‌ను, పన్నుల తిరుగుబాటు కేసులో జాన్ ఫ్రైస్‌ను విచారించిన తీరు మీద గట్టి ఆరోపణలున్నాయి. విచారణ జరపాల్సిన సెనేట్‌లో 34 మంది, అందులో 25 మంది రిపబ్లికన్లు. శిక్షకు 23 ఓట్లు చాలు. చేజ్ తరఫున నిలిచిన లాయర్లలో ముప్ఫై నాలుగేళ్ల హాప్‌కిన్సన్ చిన్నవాడు. తీర్పు తప్పయితే పై కోర్టు దిద్దుతుంది, నేరం చేస్తేనే జడ్జిని పదవి నుంచి తీయాలి అన్నది వాళ్ల వాదన సారం. 1805 మార్చి 1న ఎనిమిది అభియోగాల్లో ఒక్కదానికీ చాలినన్ని ఓట్లు రాలేదు. రిపబ్లికన్లలోనే కొందరు చేజ్ వైపు ఓటేశారు. అప్పటినుంచి నేటి వరకు అమెరికా ప్రతినిధుల సభ మరో సుప్రీంకోర్టు న్యాయమూర్తిని అభిశంసించలేదు. చేజ్ మంచి జడ్జి కాడు, అయినా చేజ్‌ను కాపాడటం న్యాయవ్యవస్థకు మంచి చేసింది. ఈ రెండు మాటలూ నిజమే. హాప్‌కిన్సన్ చేసిన పనుల్లో పాటకన్నా ఇదే పెద్దదని చెప్పాలి.

ఆ లాయర్ల బృందంలో ఫిలిప్ బార్టన్ కీ అనే ఆయన కూడా ఉన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1814లో, ఫోర్ట్ మెక్‌హెన్రీ కోట మీద బ్రిటిష్ బాంబుల వర్షం చూసి ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ రాసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఈయన అన్న కొడుకే. అతనూ లాయరే.

1815 నుంచి 1819 దాకా హాప్‌కిన్సన్ ఫిలడెల్ఫియా తరఫున ప్రతినిధుల సభలో కూర్చున్నాడు. అదే సమయంలో సుప్రీంకోర్టులో దేశ చరిత్రను మార్చిన రెండు కేసులు వాదించాడు. మొదటిది డార్ట్‌మత్ కాలేజీ కేసు. 1769 నాటి చార్టర్‌తో నడుస్తున్న ఆ కాలేజీని న్యూ హాంప్‌షైర్ శాసనసభ 1816లో చట్టం చేసి తన గుప్పిట్లోకి తీసుకోబోయింది. చార్టర్ అంటే కాంట్రాక్టు, రాష్ట్రం దాన్ని ఇష్టానుసారం మార్చకూడదని కాలేజీ పక్షాన డేనియల్ వెబ్‌స్టర్, హాప్‌కిన్సన్ కలిసి వాదించారు. 1819 ఫిబ్రవరి 2న గెలిచారు. ఆ రోజే హాప్‌కిన్సన్ కాలేజీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. మీ ద్వారం మీద ఈ కాలేజీని స్థాపించినవాడు వీలాక్ అనీ, తిరిగి స్థాపించినవాడు వెబ్‌స్టర్ అనీ చెక్కించండని అందులో సూచించాడు. సగం భారం మోసిన తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు. పేరు కోసం కొట్లాడుకునే వృత్తిలో ఇలాంటి ఉత్తరం అరుదు.

మూడు వారాలు తిరక్కుండా అదే కోర్టులో అదే వెబ్‌స్టర్‌కు ఎదురు నిలిచాడు. కేంద్రం పెట్టిన బ్యాంకు మీద మేరీలాండ్ రాష్ట్రం పన్ను వేయవచ్చా అన్న మెకల్లక్ కేసు అది. బలమైన కేంద్రం కోసం పుట్టిన ఫెడరలిస్టు పార్టీ మనిషి, రాష్ట్రం హక్కు కోసం వాదించాడు. చీఫ్ జస్టిస్ మార్షల్ మార్చి 6న కేంద్రం పక్షాన కోర్టు ఏకగ్రీవ తీర్పు వినిపించాడు. కేంద్రం, రాష్ట్రాల అధికారాల మీద ఎక్కడ చర్చ జరిగినా, మన దేశపు లా కాలేజీల్లో కూడా, ఆ తీర్పు పేరు వినబడుతుంది. ఓడిన పక్షాన ఎవరున్నారో మాత్రం ఎవరూ అడగరు.

ఆ తర్వాత మూడేళ్లు న్యూజెర్సీలోని బోర్డెన్‌టౌన్‌లో ఉన్నాడు. ఆ పొరుగున పెద్ద ఎస్టేట్ కట్టుకుని ఉన్నది నెపోలియన్ అన్న, స్పెయిన్ మాజీ రాజు జోసెఫ్ బోనపార్ట్. ఇద్దరికీ గట్టి స్నేహం కుదిరింది. ఆస్తి వ్యవహారాల్లో మాజీ రాజుకు సలహాదారు మన పాటల లాయరే. ఫ్రాన్స్ మీద జనం ఊగిపోతున్నప్పుడు రాసిన పాటలో ఆయన ఫ్రాన్స్ పేరెత్తలేదన్నది గుర్తుంటే, ఈ స్నేహం వింతగా తోచదు.

1828లో అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆయన్ను తూర్పు పెన్సిల్వేనియా ఫెడరల్ జిల్లా కోర్టు జడ్జిని చేశాడు. ఒకప్పుడు తండ్రి కూర్చున్నది దీని పూర్వరూపమైన కోర్టులోనే. ఖాళీ వచ్చింది రిచర్డ్ పీటర్స్ అనే జడ్జి మరణంతో. కొద్దికాలానికే ఆ పీటర్స్ కొడుకు మీద ఒక దావా హాప్‌కిన్సన్ ముందుకు వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులను సంపుటాలుగా అచ్చేసే అధికారిక రిపోర్టరుగా ముందు హెన్రీ వీటన్ పనిచేశాడు, తర్వాత పీటర్స్ కొడుకు ఆ పనికి వచ్చాడు. కొత్త రిపోర్టరు పాత సంపుటాలను కుదించి చౌకగా అమ్మబోయాడు. కాపీరైటు నాదని వీటన్ కోర్టుకెక్కాడు. డార్ట్‌మత్, మెకల్లక్ కేసుల్లో హాప్‌కిన్సన్ చేసిన వాదనలు ఉన్నది ఆ వీటన్ సంపుటాల్లోనే! హాప్‌కిన్సన్ వీటన్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. పుస్తకం ప్రచురించాక రచయిత హక్కు చట్టం ఇచ్చేదే, చట్టం చెప్పిన నియమాలు పాటిస్తేనే అది నిలుస్తుందన్నాడు. 1834లో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని నిలబెట్టింది. కోర్టు ఇచ్చే తీర్పుల మీద ఏ రిపోర్టరుకూ కాపీరైటు ఉండదని ఏకగ్రీవంగా చెప్పింది. అమెరికా కాపీరైటు న్యాయానికి పునాది ఆ కేసు. మన కాపీరైటు చట్టం 52వ సెక్షన్ కూడా కోర్టు తీర్పులను, ఆ కోర్టు నిషేధిస్తే తప్ప, ఎవరైనా ప్రచురించుకోవచ్చంటోంది.

మాజీ జడ్జి కొడుకు కేసును, ఆ జడ్జి స్థానంలోకి వచ్చినవాడే వినడం నేటి ప్రమాణాలతో చూస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఆనాటి ఫిలడెల్ఫియా చిన్న ఊరు, పెద్ద కుటుంబాలు కొన్నే. ఆ సంగతి మరచిపోకుండా తీర్పును తీర్పుగా చూడాలి. అది కాలానికి నిలిచింది.

మిగతా పనులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1805లో మొదలైన పెన్సిల్వేనియా లలితకళల అకాడమీ వ్యవస్థాపకుల్లో ఒకడు, 1813 నుంచి చనిపోయేదాకా దానికి అధ్యక్షుడు. 1837లో రాష్ట్ర రాజ్యాంగం తిరగరాసే సభలో న్యాయవ్యవస్థ కమిటీకి అధ్యక్షత వహించి, జడ్జీలకు జీవితకాల పదవి ఉండాలని వాదించాడు. ఓడిపోయాడు. కొత్త రాజ్యాంగం జడ్జీలకు గడువు పెట్టింది. చేజ్ కేసులో ముప్ఫై నాలుగేళ్ల వయసులో పట్టిన వాదాన్ని అరవై ఏడేళ్ల వయసులోనూ విడవలేదు. 1842 జనవరి 15న కన్నుమూసేనాటికి ఇంకా జడ్జిగానే ఉన్నాడు.

ఆయన పాట వందేళ్లకు పైగా జాతీయ గీతం లాంటి హోదాలో నడిచింది. 1931 మార్చి 3న అధ్యక్షుడు హూవర్ సంతకంతో ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ అధికారిక గీతమయ్యాక ‘హెయిల్, కొలంబియా’ ఉపాధ్యక్షుడి వాటాకు వచ్చింది. పొరపడకూడదు, ఓడిపోయిన పాట కాదది. 1798 వేసవిలోనే బోస్టన్‌లో రాబర్ట్ ట్రీట్ పెయిన్ అనే యువకవి ‘ఆడమ్స్ అండ్ లిబర్టీ’ అని ఒక పాట రాశాడు. అమ్మకాల్లో అది దుమ్మురేపింది, కవికి వందల డాలర్లు తెచ్చిపెట్టింది. ఆడమ్స్ 1800 ఎన్నికల్లో ఓడిపోయాడు. పేరులోనే నాయకుణ్ని పెట్టుకున్న ఆ పాట ఆయనతోపాటే జనం నోళ్లలోంచి జారిపోయింది. ఒకే ఏడాది, ఒకే ఆవేశం, ఒకే పార్టీ. ఒక పాట రెండు శతాబ్దాలు దాటింది, ఇంకోటి ఒక ఎన్నిక కూడా దాటలేదు.

అందుచేత పాటలు రాయించుకునే ప్రభుత్వాలకు, ఏ పార్టీవైనా, ఒక విన్నపం. రాష్ట్రానికి పాట కావాలంటే కవికి బాణీ ఇవ్వండి, గడువు ఇవ్వండి, తగిన పారితోషికం ఇవ్వండి. పాలించేవాడి పేరు మాత్రం ఇవ్వకండి. అట్ట మీద ఆయన ఫొటో వేయకండి.